ఆ గుండం దాకా నడిపించిందేమిటి?

మాది పెనుగొండ. ఆ ఊళ్ళో, అందులోనూ వైశ్యుల ఇళ్ళలో పుట్టిన ఆడపిల్లలకి వాసవి కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఉగ్గుపాలతోపాటే వచ్చేస్తుంది. మాఘ శుద్ధ విదియ అమ్మవారి ఆత్మార్పణ దినం. నా చిన్నప్పుడు ఆ రోజు మామ్మతో కలిసి నగరేశ్వరస్వామి గుడికి వెళ్ళేదాన్ని. నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఒకసారి ఇంటికొచ్చి అరుగుమీద కాళ్ళు కడుక్కుంటూ మామ్మ అంది: "అమ్మవారు సరేనే, దేవత. ఆవిడ వెనకాల దిగిన నూటరెండు గోత్రాలవాళ్ళున్నారు చూడు, వాళ్ళ పెళ్ళాలకి చంటిపిల్లలుండరూ? ఎవరి చేతుల్లో పెట్టి దిగారో!"

లోపలినుంచి తాతయ్య "పండగపూట ఏం మాటలే అవి" అన్నాడు. మామ్మ చెంబు బోర్లించి లోపలికెళ్ళిపోయింది. ఆ ప్రశ్న మళ్ళీ ఆమె నోట వినలేదు. సాహిత్యంలో పరిశోధన చేసి, గురజాడ 'కన్యక' మీద ఒక అధ్యాయం రాసి, డాక్టరేటు పుచ్చుకున్న నాకు కూడా ఆ ప్రశ్న అప్పట్లో గుర్తు రాలేదు. ఈ వ్యాసం ఒకరకంగా ఆ మరుపు గురించే.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పెనుగొండలో కుసుమశ్రేష్ఠి, కుసుమాంబల కూతురు వాసవి. ఊరికొచ్చిన విష్ణువర్ధనుడనే రాజు ఆమెను చూసి పెళ్ళాడతానన్నాడు. 714 గోత్రాల పెద్దలు సమావేశమయ్యారు. రాజుతో వైరం మనకెందుకని 612 గోత్రాలవాళ్ళు తప్పుకున్నారు. మిగిలిన 102 గోత్రాలు కుసుమశ్రేష్ఠి పక్షాన నిలబడ్డాయి. యుద్ధం జరిగి నెత్తురు పారడం ఇష్టం లేక వాసవి అగ్నిప్రవేశానికి నిశ్చయించుకుంది. 103 గుండాలు సిద్ధం చేశారని చెబుతారు. ఒకటి ఆమెకి, తక్కినవి 102 గోత్రాల దంపతులకి. రాజు దారిలోనే తల పగిలి చచ్చాడు. మా మామ్మ చెప్పే కథలో ఇంకో ముక్క ఉండేది. మన కులంలో ఇకమీదట అందమైన పిల్లలు పుట్టకూడదని అమ్మవారు శపించిందట. రాజు కన్ను చేసిన తప్పుకి ఆడపిల్లల మొహాలకి శిక్ష! అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. అద్దంలో చూసుకుని నిజమే కాబోలు అనుకున్నాను.

ఈ కథ ఎవరు చెప్పినా చివరికి ఒక ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలి. ఆ పిల్లను గుండం దాకా నడిపించింది ఏమిటి? భయమా, కోపమా, మానాభిమానమా, శాంతమా? చెప్పేవాళ్ళను బట్టి జవాబు మారుతూ వచ్చింది. గురజాడ, చనిపోవడానికి (1915) కొద్ది ఏళ్ళ ముందు, తన ముత్యాలసరాల్లో ఆమెకి కోపాన్నిచ్చాడు. ఆయన కన్యక నోరు విప్పి పెద్దలతో మాట్లాడుతుంది, రాజుకి సవాలు విసురుతుంది, ఆ తర్వాతే మంటలోకి నడుస్తుంది. భక్తుల వాసవికి కోపం లేదు. ఆమె అహింసామూర్తి, శాంతిస్వరూపిణి. ఇవాళ పెనుగొండలో నిలబెట్టిన 90 అడుగుల పంచలోహ విగ్రహం ఉన్న చోటి పేరు వాసవీ శాంతిధామ్. చర్య ఒక్కటే, గుండం ఒక్కటే. వెనక ఉన్న భావం మార్చితే మనిషే మారిపోతోంది.

మనందరం పాటించే ఒక నమ్మకం ఇక్కడుంది. ముందు లోపల ఒక భావం పుడుతుంది, అది తోస్తుంది, మనిషి కదులుతుంది అని. కాబట్టి కదలికను చూసి భావాన్ని చెప్పేయవచ్చని. ఇంగ్లీషులో ఎమోషన్, మోటివ్ అనే మాటలు రెండూ 'కదిలించు' అని అర్థమొచ్చే ఒకే లాటిన్ ధాతువునుంచి వచ్చాయి. మనకీ 'ఉద్వేగం'లో వేగం ఉంది, 'మనసు కదిలింది' అంటాం. భరతుడు ఇంకో అడుగు ముందుకేశాడు. నాట్యశాస్త్రంలోని ఎనిమిది స్థాయిభావాల్లో రతి, హాసం, శోకం, క్రోధం, భయం, జుగుప్స, విస్మయాలతో పాటు ఉత్సాహం కూడా ఉంది. పనికి పూనుకునే శక్తినే ఆయన ఒక భావంగా లెక్కపెట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు మనస్తత్వశాస్త్రం భావోద్వేగానికో అధ్యాయం, ప్రేరణకో అధ్యాయం విడివిడిగా రాసుకుని, తర్వాత రెంటినీ కలపడానికి తంటాలు పడింది. ఆ లెక్కన భరతుడే నయం అనిపిస్తుంది.

అయితే అదే గ్రంథంలో ఆ భావాలు ఎవరెవరివో కూడా పంచిపెట్టి ఉంది. ఉత్సాహం ఉత్తమ ప్రకృతి గలవాళ్ళది. భయం, జుగుప్స స్త్రీలవీ, నీచ ప్రకృతి గలవాళ్ళవీ. ముందుకు నడిపించేది ఒకరికి, వెనక్కి లాగేది ఇంకొకరికి. ఆస్తి పంపకాల్లాగే ఉంది ఇదీ.

ఆ పంపకం మన మాటల్లో ఇప్పటికీ నడుస్తోంది. అవమానానికి తలెత్తే కోపం మగవాడిలో పౌరుషం. ఆ మాటలోనే పురుషుడున్నాడు. అదే ఆడదానిలో కనిపిస్తే మొండితనం, పెంకితనం, మహా అయితే రోషం. మగవాడు పట్టుదల మనిషి, ఆడది పంతం మనిషి. తెలుగు వాక్యనిర్మాణంలోనే ఇంకో విశేషం ఉంది. 'నాకు కోపం వచ్చింది', 'భయం వేసింది', 'ఏడుపొచ్చింది' అంటాం. భావాలు ఎక్కడినుంచో వస్తాయి. మనిషి వాటి కర్త కాదు, అవి వచ్చి వాలే చోటు. నాకీ వాక్యాలు ఇష్టం. వచ్చిందాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న సంగతి మాత్రం ఈ వాక్యం చెప్పదు.

డచ్చి మనస్తత్వవేత్త నికో ఫ్రీడా 1986లో తన పుస్తకంలో, భావోద్వేగమంటే ముఖ్యంగా ఒక చర్యకు సన్నద్ధం కావడమేనని ప్రతిపాదించాడు. భయం తప్పుకోవడానికి సన్నద్ధత, కోపం అడ్డును తొలగించడానికి సన్నద్ధత. కోపం బాధాకరమైనదే అయినా మనిషిని ముందుకు తీసుకెళ్ళే భావమని 1990ల చివరనుంచి మెదడు మీద జరిగిన పరిశోధనలు కూడా సూచించాయి. ఈ లెక్కన వాసవి కోపం ఎటు వెళ్ళాలి? రాజు వైపు. కానీ అది ఆమె ఒంటిమీదికే తిరిగింది. రాజు మీదికి వెళ్ళే దారి లేదు. పెళ్ళి కాకుండా బతికే దారి లేదు. 612 గోత్రాలవాళ్ళు తీసుకున్నారే, ఊరొదిలి వెళ్ళే దారి, అదీ ఆమెకి లేదు. అన్ని తలుపులూ మూసేసి, ఒక్క తలుపు తెరిచి ఉంచి, అందులోనుంచి వెళ్ళిందాన్ని చూసి ఎంత ధైర్యమో అంటే ఆ మాటలో ఏదో దాస్తున్నట్టే కదా.

ఇదే సమాజంలో పుట్టిన పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష తర్వాత 1952 డిసెంబరు 15న మద్రాసులో కన్నుమూశాడు. నాలుగు రోజులకి ఆంధ్ర రాష్ట్ర ప్రకటన వచ్చింది. ఆయన మరణాన్ని మనం ఒక డిమాండుగా చదువుతాం. ఎవరిని ఏమడిగాడో ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. ఆయన మానం కాపాడుకోవడానికి చనిపోయాడని ఎవరూ అనలేదు. వాసవి కూడా ఏదో అడిగే ఉంటుంది. అది మనదాకా రాలేదు, శీలం వచ్చింది.

ఇంతవరకూ నా సిద్ధాంతవ్యాసంలో ఉన్నదే, కాస్త ఉద్రేకం తగ్గించి. (ఆవేశం తగ్గించి రాయమ్మా అని నాకు సలహా ఇచ్చిన పెద్దాయన, తగ్గించాక, వాదనలో బలం లేదమ్మా అన్నాడు.) కన్యక కోపాన్ని నేను తలకెత్తుకున్నాను. 1981లో ఆడ్రీ లార్డ్ స్త్రీల కోపాన్ని ఒక వనరుగా చూడమని చేసిన ప్రసంగాన్ని ఉటంకించాను. ఆ 102 మంది భార్యల గురించి నా వ్యాసంలో ఉన్నది ఒక్క వాక్యం. "దంపతులు సైతం ఆమెను అనుసరించారు." మామ్మ అరుగుమీద అడిగిన ప్రశ్నని ఆ 'దంపతులు' అన్న మాట మింగేసింది. మింగించింది నేనే.

102 మంది మొగుళ్ళు నిర్ణయించుకున్నారు. సభలో కూర్చుంది వాళ్ళు, గోత్రం పేరున మాటిచ్చింది వాళ్ళు. భార్యలు నడిచారు. నడిచారు కాబట్టి వాళ్ళ గుండెల్లో పతిభక్తి, కులాభిమానం, అమ్మవారి మీద ప్రేమ ఉన్నాయని కథ చెప్పకుండానే మనం నింపుకుంటాం. గోత్రాలు నిలిచాయంటే పిల్లలు మిగిలారనే అర్థం. ఆ పిల్లల్ని వదిలి నడిచిన తల్లుల్లో ఏ భావం ఉంది? 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలలో రూప్ కన్వర్ భర్త చితిమీద కాలిపోయినప్పుడు దేశమంతా ఇదే అడిగింది. ఇష్టపడి ఎక్కిందా, ఎక్కించారా అని. అసలు ఆ ప్రశ్నే ఒక వల అని అప్పటి స్త్రీవాదులు చెప్పారు. నాకు ఆ వాదన అర్థమైంది పుస్తకాల్లో కాదు, మా పిన్ని దగ్గర.

మా అమ్మ చెల్లెలు. తణుకులో ఇచ్చారు. పెళ్ళయిన మొదటి అయిదేళ్ళలో రెండుసార్లు రాత్రిపూట బస్సెక్కి పెనుగొండలో అమ్మమ్మ ఇంటికి వచ్చేసింది. రెండోసారి వచ్చినప్పుడు చెంపమీద కమిలిన గుర్తు నేను చూశాను. రెండుసార్లూ పెద్దవాళ్ళు పసుపు కుంకం పెట్టి, చీర పెట్టి, వెనక్కి పంపారు. మూడోసారి రాలేదు. "సర్దుకుంది" అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. పండగలకి వచ్చేది, నవ్వేది, అరిసెలు వండేది. కోపం అన్నది ఆమెలో మచ్చుకి కూడా కనపడేది కాదు. యూనివర్సిటీలో స్త్రీవాద విమర్శ చదువుకుంటున్న నాకు, లోలోపల, పిన్ని మీద కొంచెం చిన్నచూపు ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఇంత జరిగినా కోపం రాని మనిషి అని.

నలభై దాటాక ఎవరో చెబితే పోస్టాఫీసు ఆర్‌డీ ఏజెంటుగా చేరింది. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ దగ్గర నెలనెలా డబ్బు పోగుచేసి, పుస్తకాల్లో రాయించి, కట్టి వచ్చే పని. ఇంట్లో మొదట గొడవైంది, తర్వాత కమీషను డబ్బు చూసి ఊరుకున్నారు. నాలుగేళ్ళు తిరిగింది. ఆ తర్వాత ఒకరోజు నాకు ఫోను చేసి, మామూలు మాటల మధ్యలో అంది. "ఏమిటోనే, ఈమధ్య నాకు తెగ కోపమొస్తోంది. ఇప్పటిది కాదు. అప్పట్లో బస్సెక్కించి పంపేశారే, దానికి. ఇరవయ్యేళ్ళ కిందటిదానికి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయేమిటే?"

"అప్పుడు రాలేదా పిన్నీ?" అన్నాను.

"అప్పుడొచ్చి ఏం చెయ్యను? పొద్దున్నే ఆరుగురికి వండాలిగా."

ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. మనం అనుకునే వరస ఇక్కడ తలకిందులైంది. కోపం తోస్తే పిన్ని గడప దాటలేదు. గడప దాటాక, తన కాళ్ళమీద నాలుగు వీధులు తిరిగాక, కోపం వచ్చింది. దాన్ని పెట్టుకోవడానికి ఒక చోటు ఏర్పడ్డాక వచ్చింది. విలియం జేమ్స్ 1884లోనే ఇలాంటి మాట ఒకటి అన్నాడు. భయపడి పరిగెత్తడం కాదు, పరిగెడుతున్నాం కాబట్టి భయం అని. ఆయన మాట్లాడింది ఒంట్లో జరిగే మార్పుల గురించి. పిన్ని సంగతి వేరు. ఆమెకి తెరుచుకున్నది ఒంట్లో కాదు, వీధిలో.

ఇంతకన్నా దగ్గరగా వచ్చే పరిశోధన ఇంకొకటుంది. 1967లో అమెరికాలో సెలిగ్మన్, మైయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఏం చేసినా ఆగని కరెంటు షాకులకి గురైన కుక్కలు, తర్వాత చిన్న అడ్డం దూకితే తప్పించుకోగలిగిన చోట కూడా చాలామటుకు దూకకుండా పడి ఉండిపోయాయి. దాన్ని నేర్చుకున్న నిస్సహాయత అన్నారు. హింసను భరించే స్త్రీలను వివరించడానికి దాన్ని విరివిగా వాడారు. ఆడది కొట్టించుకుని కొట్టించుకుని నిస్సహాయత నేర్చుకుంటుందని. మన వ్యాసాల్లోనూ ఆ మాట చాలాసార్లు వచ్చింది, నేనూ వాడాను. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, అదే ఇద్దరూ తమ సిద్ధాంతాన్ని వెనక్కి తిప్పుకున్నారు. మెదడు పనితీరు మీద వచ్చిన కొత్త ఆధారాలు చూస్తే నిస్సహాయత నేర్చుకునేది కాదట. తప్పించుకోలేని బాధ దీర్ఘంగా సాగితే చచ్చుబడి ఉండిపోవడం ప్రాణికి సహజమైన స్పందన. నేర్చుకునేది దానికి ఎదురైనది. నేను చేసే పనివల్ల ఏదో మారుతుందన్న ఎరుక. అది అనుభవంలోకి వస్తే ఆ చచ్చుబాటును మెదడు ఆపగలుగుతుంది.

ఈ తేడా ప్రయోగశాలకి చిన్నదేమో, మనకి చిన్నది కాదు. మొదటి లెక్కన పిన్నిలో ఏదో లోపం ఏర్పడింది, దాన్ని సరిచెయ్యాలి. రెండో లెక్కన పిన్నికి దొరకాల్సింది ఒకటి దొరకలేదు. బస్సెక్కి వచ్చినప్పుడు ఆ తలుపు తీసి ఉంటే ఆ ఎరుక పాతికేళ్ళకే దొరికేది. మేం మూయడం వల్ల నలభై దాటాక, నెలకింతని కట్టే పోస్టాఫీసు పుస్తకాల్లో దొరికింది.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవెయ్యను. చోటు ఉంటేనే కోపం వస్తుందని సూత్రం చేస్తే, చోటు లేకుండానే మండిపడినవాళ్ళు మనకి కనపడరు. గురజాడ కన్యక అలాంటిదే. ఏ దారీ లేనిచోట నోరు విప్పింది. అలా విప్పినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళు నా వాదనకి లొంగరు, లొంగాలని కూడా నేను కోరను. కానీ వాళ్ళను కొలబద్దగా పెట్టి తక్కినవాళ్ళను కొలవడం మాత్రం ఆపాలనుకుంటున్నాను. లార్డ్ ప్రసంగం చదివి ఉత్తేజపడే నాకు ఒక ఉద్యోగం, ఒక గది, లోపలినుంచి గడియ పెట్టుకోగల తలుపు ఉన్నాయి. నా కోపంలో వాటి వాటా ఎంతో నేనెప్పుడూ లెక్కచూసుకోలేదు.

అలాగే ఆ 102 మంది విషయంలోనూ. వాళ్ళకి భక్తి ఉందనడానికి వాళ్ళ నడక సాక్ష్యం కాదు. వాళ్ళను బలవంతంగా లాక్కెళ్ళారనడానికీ నా దగ్గర సాక్ష్యం లేదు. ఒకరికి నిజంగానే అమ్మవారి మీద ప్రేమ పొంగి ఉండవచ్చు. ఒకరు చంటిబిడ్డ పాలకి ఏడుస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినకుండా నడిచి ఉండవచ్చు. ఒకరిలో ఏ భావమూ లేకపోయి ఉండవచ్చు. అది కూడా ఉంటుంది, పిన్ని అరిసెలు వండిన ఏళ్ళలో ఉన్నట్టు. నా వాక్యం తిరగరాయాలంటే 'అనుసరించారు' అన్న క్రియ దగ్గరే ఆగిపోతున్నాను. 'వెళ్ళారు' అని మాత్రం రాయగలను.

పోయిన మాఘమాసంలో పిన్ని పెనుగొండ వచ్చింది. ఇద్దరం గుడికి వెళ్ళాం. అర్చన చేయిస్తే పంతులుగారు గోత్రం అడిగారు. పిన్ని అత్తవారి గోత్రం చెప్పింది. అదీ 102లోదే, పుట్టింటిదీ 102లోదే. హారతి కళ్ళకద్దుకుని, మామ్మ సంగతి నేను చెప్పిన గుర్తుతో కాబోలు, "పంతులుగారూ, గుండంలో దిగిన దంపతుల్లో ఆడవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయాండీ?" అని అడిగింది.

ఆయన తీర్థం పోస్తూ కాసేపు ఆలోచించారు. "నాకు తెలిసి గోత్రాలేనమ్మా" అన్నారు.

పిన్ని తల ఊపి, పళ్ళెంలో పది రూపాయలు వేసి, టైమెంతైందని నన్నడిగింది. నాలుగున్నర బస్సుకి వెళ్ళాలంది. మర్నాడు డబ్బు కట్టడానికి ఆఖరు రోజట, ఇంకా పదకొండు ఇళ్ళు తిరగాలట.